అమరేశ్వరరావు బ్యాటింగు సగటు

కెనడాలోని ఏజాక్స్‌లో నలభై అయిదేళ్ళు దాటినవాళ్ళకి ఆదివారపు బేస్‌బాల్ క్లబ్బు ఒకటుంది. ఆ క్లబ్బు నుంచి ఉత్తరం వచ్చినప్పుడు అమరేశ్వరరావు పెసరట్టు తింటున్నాడు. ఉత్తరం చదివాక అట్టు సగంలోనే ఆగిపోయింది. పెళ్ళయిన ఇరవై ఆరేళ్ళలో ఆయన పెసరట్టును సగంలో వదలడం అదే మొదలు గనక లక్ష్మీకాంతం స్టవ్ కట్టేసి వచ్చింది.

"ఎవరన్నా పోయారా?"

"ఎవరూ పోలేదు."

"మరి మొహం అట్టా పెట్టారేంది?"

"ఆఫీసు ఉత్తరంలే కాంతం" అని అబద్ధమాడి, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో కుక్కుకున్నాడు.

ఉత్తరంలో ఉన్నది ఇంతే. వచ్చే వేసవికి క్లబ్బువాళ్ళ రెండు గ్రౌండుల్లో ఒకటి మరమ్మతుకి మూసేస్తారు. కాబట్టి జట్టుకి ఇరవై మంది కుదరదు, పన్నెండుమందే. ఎవరి కెరీర్ బ్యాటింగు రికార్డు లీగు సగటుకంటే తక్కువుంటే వాళ్ళు రిజర్వులోకి వెళ్తారు. రెండో శనివారం మీటింగుకి ఎవరి రికార్డు వాళ్ళు తెచ్చుకోవాలి. రిజర్వు అనే మాట వినడానికి మర్యాదగానే ఉంటుంది. అక్కడ చేసే పని మాత్రం నీళ్ళ సీసాలు మోయడం, కంచె అవతల పడ్డ బంతులు ఏరుకురావడం.

అమరేశ్వరరావు అమెరికాలో ఆరేళ్ళు సాఫ్ట్‌వేర్ పని చేసి, అక్కణ్ణుంచి ఏజాక్స్ వచ్చి పడ్డాడు. పద్నాలుగేళ్ళుగా ఒక్క ఆదివారం మానకుండా ఆడుతున్నాడు. ఆయన వారం మొత్తం మీద ఎవరూ సర్వర్ గురించి అడగని మూడు గంటలవే. ఊళ్ళో తెలుగువాళ్ళ గృహప్రవేశాల్లో, బారసాలల్లో "మన అమరేశ్వరరావు గారు తెల్లవాళ్ళకి బేస్‌బాల్ నేర్పుతున్నారట" అని చెప్పుకునేవారు. ఆ మాట ఆయన పుట్టించింది కాదు. పుట్టాక మాత్రం దానికి పాలు పోసి పెంచాడు. తన అసలు సగటు ఎంతో ఆయన ఏనాడూ లెక్కవేయలేదు. షుగర్ పరీక్షకి వెళ్ళకుండా తిరిగేవాడికి ఎంత ధైర్యం ఉంటుందో, ఈ విషయంలో ఆయనదీ అంతే ధైర్యం.

ఇప్పుడు లెక్కవేయక తప్పలేదు. గ్యారేజీలో బియ్యం సంచిలో దాచిన పద్నాలుగేళ్ళ స్కోరు పుస్తకాల నకళ్ళు భుజాన వేసుకుని బేస్‌మెంటు మెట్లు దిగాడు.

ఆ ఏడాది ఏజాక్స్‌లో ఏ బేస్‌మెంటు తలుపు తట్టినా చదువుకొచ్చిన మన పిల్లలే తీస్తున్నారు. కాలేజీ బస్సెక్కితే డ్రైవరొక్కడే ఇంగ్లీషు మాట్లాడుతున్నాడు, అతనూ "ఎక్కండి ఎక్కండి" అనడం నేర్చుకుంటున్నాడని చెప్పుకునేవారు. అమరేశ్వరరావు ఇంటి కింద ముగ్గురు ఆడపిల్లలుండేవారు. వాళ్ళలో జగిత్యాల అమ్మాయి స్పందన పగలు డేటా అనలిటిక్స్ చదివి, సాయంత్రం డోనట్ల షాపులో పనిచేసేది.

"అమ్మాయ్, నీకు లెక్కలొచ్చు గదా?"

"లెక్కలు గాదు అంకుల్, డేటా అనలిటిక్స్."

"తేడా ఏంది?"

"లెక్కలల్ల తప్పు చేస్తే దొరుకుతం."

అమరేశ్వరరావుకి ఆ చదువు మీద ఒక్కసారిగా గౌరవం పుట్టింది. సంచి దించి విషయం చెప్పాడు. తన రికార్డు, లీగు సగటు పక్కపక్కన పెట్టి, చూడగానే ఈ మనిషిని తీసెయ్యకూడదు అనిపించే బొమ్మలు గియ్యాలన్నాడు.

స్పందన సంచిలోకి తొంగిచూసింది. "మంచిగనే దొరికిన్రు అంకుల్. నాకు సెమిస్టర్ ప్రాజెక్టుకు డేటా కావాలె. క్లాసుల అందరూ ఇండ్ల రేట్లు తీసుకున్నరు. నేను మిమ్ముల తీసుకుంట."

మూడో రోజు పొద్దున, లక్ష్మీకాంతం కూరగాయలకి వెళ్ళిన సమయం చూసి ఆ పిల్ల ల్యాప్‌టాప్ పట్టుకుని పైకొచ్చింది.

"అంకుల్, కూసోండ్రి."

"ఎందుకు?"

"నిలబడి వినేటిది గాదు."

ఆయన కూర్చున్నాడు.

"మీకు ఇరవై ఒక్క మార్కులొచ్చినయ్. ఫెయిల్."

"మార్కులేందమ్మాయ్! అది సగటు. వందసార్లు బ్యాట్ ఊపితే ఇరవై ఒక్కసార్లు కొట్టానని అర్థం. ఇది క్రికెట్ గాదు. ఇక్కడ ముప్పై వస్తే చాలు, వాడి బొమ్మ గోడకి కడతారు."

"వందకు ముప్పైకా? మా నాయిన ముప్పై వస్తే నన్నే గోడకు కట్టెటోడు." ఆమె కింది వరుస చూసింది. "లీగు సగటు ఇరవై ఆరున్నది. అంటే లీగంత ఫెయిలే! ముప్పై ఐదు దాటినోడు ఒక్కడన్న లేడా? వీళ్ళకు సప్లిమెంటరీ ఎప్పుడు పెడ్తరు అంకుల్?"

లీగు ఫెయిలైతే ఆయనకేం లాభం లేదు. తన ఇరవై ఒకటి వాళ్ళ ఇరవై ఆరుకన్నా తక్కువ. నీళ్ళ సీసాలు కళ్ళముందు బారులు తీరాయి.

"హోమ్‌రన్లు చూడు" అన్నాడు.

"బంతి కంచె దాటి పోవుడేనా? లీగుల మనిషికి సగటున తొమ్మిది. మీకు సున్న."

"సున్న గాదు! ఒకటుంది. రెండువేల పదహారు జూన్. కంచె దాటింది, నా కళ్ళతో చూశా."

స్పందన కాగితాలు తిరగేసింది. "గిది ప్రాక్టీసుల కొట్టింది అంకుల్. పక్కకు రాసిన్రు, 'కెప్టెన్ కారు అద్దం' అని."

అమరేశ్వరరావు కుర్చీ దగ్గరికి లాక్కుని గొంతు తగ్గించాడు. "చూడమ్మాయ్. మొదటి రెండేళ్ళు తీసెయ్. అప్పుడు కొత్త. చలిలో ఆడినయ్యి తీసెయ్, వేళ్ళు కొంకర్లు పోయినయ్. మీ ఆంటీతో పోట్లాడి వెళ్ళిన ఆదివారాలు తీసెయ్. మనసు బాగోనప్పుడు ఎవడు కొడతాడు?"

"పోట్లాడిన తారీకులు నాకెట్ల తెలుస్తయ్?"

"రాసుకో" అని ఆయన గుక్కతిప్పుకోకుండా ముప్పై ఎనిమిది తారీకులు చెప్పాడు. ఏ పోట్లాట ఎందుకొచ్చిందో, అందులో తప్పు ఎవరిదో కూడా చెప్పబోయాడుగాని, ఆ పిల్ల అందుకు గడి లేదంది.

కాసేపు టకటకలాడించి స్పందన తల గోక్కుంది. "అంకుల్, ఇంక తగ్గింది. పద్దెనిమిదయింది."

"అదెట్టా?"

"ఆంటీతోని లొల్లి పెట్టుకున్న ఆదివారాలల్ల మీ సగటు ముప్పై ఒకటి. మంచిగున్న ఆదివారాలల్ల పద్దెనిమిది. లొల్లి పెట్టుకున్ననాడే మీరు మొగోని లెక్క కొట్టిన్రు."

పద్నాలుగేళ్ళుగా ప్రశాంతత కోసం ఎన్నిసార్లు తలొంచాడో అన్నీ ఆయనకి గుర్తొచ్చాయి. ఎంత రికార్డు నేలపాలైంది!

"తీసేసినయన్నీ మళ్ళీ పెట్టెయ్" అన్నాడు నీరసంగా.

ఆమె పెట్టేసింది. లేవబోయి ఆగింది. "ఒక్కటి సమజ్ అయితలేదు అంకుల్. ఐదువందల నలభై సార్లు మీరు బ్యాటింగుకు నిలబడ్డరు. హిట్లు తొంభై రెండు. ముప్పై ఒక్కసార్లు బంతులు దూరంగ ఏసినందుకు ఊకనే పంపిన్రు. గవి కలిపితే నూట ఇరవై మూడు. గాని బంతి కొట్టినోడు ఉరికి చేరే ఫస్ట్ బేస్ మీదికి మీరు పోయింది నూట తొంభై నాలుగుసార్లు. నడుమ డెబ్బై ఒక్కసార్లు ఎట్ల పోయిన్రు? ఎవరూ చూడకుంటనా?"

అమరేశ్వరరావు లుంగీ మోకాలిదాకా ఎత్తి పిక్క చూపించాడు. ఆకుపచ్చ, పసుపు, వంకాయరంగు మచ్చలు. పైన పొట్టదాకా ఇలాగే ఉన్నాయన్నాడు.

"అయ్యో, ఏమైంది?"

"బంతి తగిలితే ఫస్ట్ బేస్ ఇస్తారమ్మా."

"లీగుల మనిషికి సగటున ఐదుసార్లు తగిలింది. మీకు డెబ్బై ఒకటి ఎట్ల తగుల్తది? వాళ్ళకేమన్న పగనా?"

పగ ఎవరికీ లేదు. తప్పంతా సత్తెనపల్లి దగ్గరి హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు రాఘవయ్యది. చేతకాని కుర్రాళ్ళకి ఆయన చెప్పిన క్రికెట్ ఒకటే పాఠం: బంతి వచ్చినప్పుడు కాలు ముందుకేసి అడ్డం పెట్టు, మిగతాది దేవుడు చూసుకుంటాడు. ఆ ఊళ్ళో బ్యాటింగు జట్టువాడే అంపైరు, అందుకని ఎల్బీడబ్ల్యూ అనే రూలు అమల్లో ఉండేది కాదు. ఎడమకాలు అడ్డం పెట్టుకుని అమరేశ్వరరావు ఒకసారి పొద్దుటినుంచి అన్నం వేళదాకా ఆడి తొమ్మిది పరుగులు చేశాడు. ఆ కాలు కెనడా వచ్చినా మానలేదు. బంతి విసిరేవాడు చెయ్యెత్తగానే దానంతటది ముందుకెళ్ళి నిలబడుతుంది. నిజానికి తప్పుకోవడానికి ప్రయత్నించనివాడికి ఇక్కడ బేస్ ఇవ్వరు. కానీ ఆయన వేసే ఆ పెద్ద అంగ చూసి అంపైర్లు ప్రాణభయంతో పారిపోతున్నాడనుకునేవారు. ముందుకు పారిపోయే మనిషిని వాళ్ళు మునుపెన్నడూ చూసి ఉండరు.

స్పందన మళ్ళీ టకటకలాడించింది. ఉన్నట్టుండి కెవ్వుమంది.

"అంకుల్! ఔట్ గాకుండ బేస్ ఎక్కుడుకు ఏరే సగటున్నది! లీగుది ముప్పై మూడు. మీది ముప్పై ఐదు పాయింట్ తొమ్మిది! మీరు పాసైన్రు! లీగంత ఫెయిలు, మీరొక్కరే పాసు!"

శనివారం మీటింగు కమ్యూనిటీ హాల్లో జరిగింది. లక్ష్మీకాంతం కూడా కొత్త చీర కట్టుకుని వచ్చింది. "అంకుల్ మీద ప్రెజెంటేషనున్నది, రాండ్రి ఆంటీ" అని స్పందన పిలిచేసింది మరి. ఆయనకి తెలిసేటప్పటికే ఆవిడ కారులో కూర్చుని ఉంది.

కెప్టెన్ గ్లెన్ ఒకప్పుడు ఫైరింజను నడిపినవాడు, మాట తక్కువ మనిషి. స్పందన గోడమీద బొమ్మ వేసింది. లీగు స్తంభం పొట్టిగా, అమరేశ్వరరావు స్తంభం దాన్ని మించి ఒక పిసరు ఎత్తుగా లేచాయి. రెండో బొమ్మలో బంతి తగిలిన లెక్క. అక్కడ లీగు స్తంభం అగ్గిపుల్లంత, పక్కన ఈయనది తాటిచెట్టంత.

మొదట నవ్వింది వీరభద్రం. ఆ జట్టులో రెండో తెలుగువాడు. న్యూజెర్సీ మీదుగా వచ్చాడు, బ్యాటింగు సగటు ముప్పై, ఆ సంగతి అడగనివాళ్ళకి కూడా చెబుతాడు. చుట్టరికం ఏమీ లేకపోయినా అమరేశ్వరరావుని బావగారనే పిలుస్తాడు.

"ఏంటి బావగారూ, బ్యాటింగు రికార్డు తెమ్మంటే దెబ్బల లిస్టు తెచ్చారు? ఇది లీగుకివ్వాలా, ఇన్సూరెన్సుకివ్వాలా?"

"ఔట్ కాకుండా బేస్ ఎక్కానయ్యా. అది లెక్క గాదా?"

"మీరెక్కలేదు. బంతి తన్ని ఎక్కించింది."

ఇంతలో వెనకనుంచి కుర్చీ జరిగింది. లక్ష్మీకాంతం లేచి నిలబడి తాటిచెట్టు స్తంభం వంక చూస్తోంది. "డెబ్బై ఒక్కసార్లా?" అంది. "పరిగెత్తి బేస్ మీదికి దూకితే తగిలినయ్యని చెప్పారు గదండీ? పద్నాలుగేళ్ళు కాపడాలు పెట్టానే! కొట్టొచ్చారనుకుని పెట్టానుగానీ, తినొచ్చారని తెలిస్తే పెడతానా?"

ఆవిడ అన్నది తెలుగులోనే అయినా హాల్లో పెళ్ళయిన ప్రతివాడికీ అర్థమై తల దించుకున్నాడు.

గ్లెన్ గడ్డం గోక్కున్నాడు. ఫస్ట్ బేస్ చేరడమే ఆట, ఎలా చేరావని బేస్ అడగదు అన్నాడు. వీరభద్రం ఒప్పుకోలేదు. ఇదంతా అదృష్టమని, అదృష్టానికి జట్టులో చోటిస్తే రేపు లాటరీ తగిలినవాడు కూడా బ్యాట్ పట్టుకొస్తాడని వాదించాడు. ఓట్లు పెడితే చెరిసగమయ్యాయి. చివరికి గ్లెన్ తేల్చాడు: రేపు పక్క ఊరు విట్బీ జట్టుతో ఈ సీజన్ ఆఖరి ఆట. అమరేశ్వరరావు ఒక్కసారి బేస్ ఎక్కితే ఉంటాడు. ఎక్కకపోతే నీళ్ళ సీసాలు.

ఇల్లు చేరగానే లక్ష్మీకాంతం పాత చీరలు నాలుగు బయటికి తీసింది. ఆట మానమని అనలేదు. "ఆ దెబ్బలు ఊరికే తినడానికి వీల్లేదు" అని, నడుమ దూది కూరి మెడకీ చేతులకీ కంతలు పెట్టి, పొట్టదాకా వచ్చే బొంత ఒకటి కుట్టింది. ముందువైపు ఒక పక్క కుట్టకుండానే దారం అయిపోయింది. అక్కడ సంచి మూతిలా తెరుచుకుని ఉండిపోయింది.

ఆదివారం ఆ బొంత తొడిగి పైన జెర్సీ వేస్తే బొత్తాలు పట్టలేదు. బొత్తాలు పెట్టకుండానే గ్రౌండులోకి వచ్చాడు. ఆ వాలకం చూసి విట్బీవాళ్ళు బరువు పెరిగాడేమోనని జాలిపడ్డారు. లక్ష్మీకాంతం మడతకుర్చీ వేసుకుని, గొడుగు విప్పుకుని స్పందన పక్కన కూర్చుంది. ఆవిడ ఆట చూడ్డానికి రావడం అదే మొదటిసారి.

అదే కొంప ముంచింది. భార్య చూస్తోందన్న ఊపులో అమరేశ్వరరావు మొదటిసారి కాలు సంగతి మరిచి మూడు బంతులకీ బ్యాట్ ఊపాడు. మూడూ తప్పాయి. ఔట్.

రెండోసారి బుద్ధి తెచ్చుకుని కాలు అడ్డం పెట్టాడు. బంతి వచ్చి పొట్టకి తగిలింది. ఎప్పుడూ అయితే ధడేల్మని చప్పుడు, అమ్మోయని ఈయన కేక, అంపైరు చెయ్యి ఫస్ట్ బేస్ వైపు. ఇప్పుడు బొంత చప్పుడంతా తినేసింది. నొప్పి లేదు గనక కేకా రాలేదు. "తగిలింది!" అని ఈయన, "వినబడలేదు" అని అంపైరు. ఈ వాదనలో మనసు చెదిరి తర్వాతి బంతుల్లో మళ్ళీ ఔట్.

ఇక ఒక్కసారే మిగిలింది. బ్యాట్ తీసుకోవడానికి వెళితే వీరభద్రం నీళ్ళ సీసాల డబ్బా ఎత్తి చూపించాడు. "ఒకసారి మోసి చూడండి బావగారూ. బరువు తెలియాలి గదా."

"ఏమండీ! తగిలితే అరవండి!" లక్ష్మీకాంతం గొడుగు ఊపింది.

"నొప్పి పెట్టందే ఎట్టా అరుస్తానే?"

"ఇన్నాళ్ళూ ఇంటికొచ్చి చేసిన నటన ఏమయింది?"

రెండు స్ట్రయిక్‌లయ్యాయి. ఇంకొకటైతే ఔట్. విట్బీవాడు చెయ్యెత్తాడు. అమరేశ్వరరావు ఎడమకాలు దానంతటది ముందుకెళ్ళింది. బంతి వచ్చింది.

వచ్చిన బంతి కనబడలేదు.

వెనక కూర్చుని పట్టుకునేవాడు ఖాళీ గ్లవ్ చూసుకున్నాడు. లేచి తను కూర్చున్నచోట వెతుక్కున్నాడు. విసిరినవాడు తన చెయ్యి చూసుకున్నాడు, అసలు విసిరానా లేదా అన్నట్టు. అంపైరు మాస్కు తీసి ఆకాశంలోకి చూశాడు. ఆయన చూశాడని అందరూ చూశారు. కొంగల గుంపొకటి సరస్సు వైపు పోతోంది తప్ప అక్కడేమీ లేదు. అంపైరు విసిగి, బంతి ఎక్కడికి పోయినా ఇది స్ట్రయిక్ కిందే లెక్క అనబోతున్నాడు.

"అంకుల్, పొట్ట!" అని స్పందన అరిచింది.

అమరేశ్వరరావు కిందికి చూసుకున్నాడు. బొడ్డుకి కాస్త ఎడంగా బత్తాయంత ఉబ్బు. బొంత తెరుచుకున్న చోటినుంచి దూరిన బంతి దూదిలో హాయిగా పడుకుని ఉంది. అంపైరు దగ్గరికొచ్చి డాక్టరులా రెండు వేళ్ళతో నొక్కి చూశాడు. చుట్టూ తిరిగి ఇంకోసారి నొక్కాడు. వెనక్కి రెండడుగులు వేసి, ఫస్ట్ బేస్ వైపు చెయ్యి చూపించాడు.

"అమ్మోయ్!" అని అమరేశ్వరరావు అప్పుడరిచాడు, ఆలస్యంగానైనా ఒక అరుపు పడి ఉంటుందని. ఆ తర్వాత పొట్ట రెండు చేతులా పట్టుకుని, నెలలు నిండిన మనిషిలా మెల్లిగా నడిచి బేస్ ఎక్కాడు.

అక్కడొక చిక్కు వచ్చింది. విట్బీవాళ్ళకి బంతి కావాలి, అదేమో నడకలో జారి నడుం దగ్గర బెల్టు వెనకాల ఇరుక్కుంది. గ్రౌండు మధ్యలోకి లక్ష్మీకాంతం గోళ్ళు కత్తిరించే కత్తెరతో వచ్చి కుట్లు విప్పడం మొదలుపెట్టింది. ఆయన చేతులు రెండూ పైకెత్తి నిలబడ్డాడు. దూది గాలికి లేచి ఫస్ట్ బేస్ చుట్టూ ఎగురుతోంది. "కదలొద్దు, ఇంకో దెబ్బ నా చేత తింటారు" అంటోంది ఆవిడ.

గ్లెన్ జేబులోంచి జాబితా తీసి, వీరభద్రం చూస్తుండగానే పన్నెండో పేరు రాశాడు. ఆ కాగితం పట్టుకుని ఫస్ట్ బేస్ దగ్గరికి నడిచొచ్చాడు.

"వచ్చే ఏడు మొదటి బ్యాటింగు నీదే. కానీ ఒక మాటివ్వాలి."

"చెప్పు కెప్టెన్! చలికాలమంతా గ్యారేజీలో బ్యాటింగు ప్రాక్టీసు చేస్తా" అన్నాడు అమరేశ్వరరావు, నోట్లోకి పోయిన దూది ఉమ్మేస్తూ.

"అదొక్కటే చెయ్యకు" అన్నాడు గ్లెన్.

ఇది పొగడ్తో తెగడ్తో అమరేశ్వరరావుకి వెంటనే తేలలేదు. ఎలాగూ చేతులు పైనే ఉన్నాయి గదా అని, గ్రౌండులో ఉన్న అందరికీ ఊపాడు.